వేర్వేరు సైజుల నాలుగు హార్డ్ డిస్కులు: ఒకటిగా కలిపితే మంచిదా? లినక్స్ సర్వర్ బ్యాకప్ ఎక్కడ పెట్టాలి?

వానచినుకు:
అందరికీ నమస్కారం. పాత డెస్క్‌టాప్ ఒకదాన్ని డెబియన్ లినక్స్ సర్వర్‌గా వాడుతున్నాను. సిస్టమ్ చిన్న ఎస్‌ఎస్‌డీ మీద ఉంది. డేటా కోసం నాలుగు హార్డ్ డిస్కులు ఉన్నాయి. రెండు 4 టీబీవి, ఒకటి 3 టీబీ, ఒకటి 2 టీబీ. అన్నీ వేర్వేరు కాలాల్లో కొన్నవి. వీటన్నిటినీ కలిపి 13 టీబీల ఒకే పెద్ద డ్రైవ్‌లా కనిపించేలా చెయ్యాలని ఉంది. లినక్స్‌లో డిస్కుల స్థలాన్ని కలిపి పంచే ఎల్‌వీఎంతో అవుతుందని చదివాను. సర్వర్ బ్యాకప్ కూడా ఆ పెద్ద డ్రైవ్‌లోనే ఒక ఫోల్డర్‌లో పెట్టేద్దామని ఆలోచన. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పగలరా?

టెర్మినల్‌పిచ్చుక:
అవుతుందండీ, పెద్ద పనేం కాదు. ప్రతి డిస్కునీ పీవీక్రియేట్‌తో ఫిజికల్ వాల్యూమ్ చేస్తారు, వీజీక్రియేట్‌తో నాలుగింటినీ ఒక గ్రూపులో వేస్తారు, ఎల్‌వీక్రియేట్‌తో దాని మీద ఒక లాజికల్ వాల్యూమ్ తీస్తారు, చివర్న ఈఎక్స్‌టీ4 ఫైల్‌సిస్టమ్ (డిస్కు మీద ఫైళ్లని అమర్చే పద్ధతి)తో ఫార్మాట్. రేపు ఇంకో డిస్కు వస్తే వీజీఎక్స్‌టెండ్, ఆ తర్వాత చిన్న ఆర్ ఆప్షన్‌తో ఎల్‌వీఎక్స్‌టెండ్ కొడితే చాలు, ఫైల్‌సిస్టమ్‌తో సహా డ్రైవ్ నడుస్తుండగానే పెరుగుతుంది.

ఒక్క జాగ్రత్త. డిస్కులని సిస్టమ్ ఇచ్చే ఎస్‌డీఏ, ఎస్‌డీబీ పేర్లతో నమ్ముకోకండి. రీబూట్ అయ్యాక ఆ పేర్లు మారిపోవచ్చు. ఏ కమాండ్ కొట్టే ముందైనా ఎల్‌ఎస్‌బీఎల్‌కేతో మోడల్, సీరియల్ నంబరు చూసుకోండి. డిస్క్ బై-ఐడీ ఫోల్డర్‌లో సీరియల్ నంబరుతో ఉండే పేర్లు మారవు.

రాత్రిడ్యూటీ:
పిచ్చుక గారు చెప్పిన పద్ధతి సరైనదే. కానీ వానచినుకు గారూ, ఆ కమాండ్లు కొట్టే ముందు కాస్త ఆగండి.

ఎల్‌వీఎంలో మామూలుగా కలిపితే దాన్ని లీనియర్ అంటారు. ఒక డిస్కు నిండాక ఇంకోటి అన్నట్టు స్థలం వరసగా అతుకుతుంది, కానీ దాని మీద ఉండే ఫైల్‌సిస్టమ్ ఒక్కటే. ఏ ఫైలు ఎక్కడుందో చెప్పే సమాచారం నాలుగు డిస్కుల్లోనూ పరుచుకుని ఉంటుంది. అందులో ఒక్క డిస్కు పోతే, మిగిలిన మూడు బాగున్నా ఆ ఫైల్‌సిస్టమ్ మౌంట్ అవడం (వాడకానికి తెరుచుకోవడం) అనుమానమే. కొన్ని ఫైళ్లు రికవరీ టూల్స్‌తో బయటకి రావచ్చు, పేర్లూ ఫోల్డర్లూ లేకుండా. అంటే నాలుగు డిస్కుల్లో ఏ ఒక్కటి పోయినా అన్నీ పోయినట్టే లెక్క. విడివిడిగా ఉన్నప్పటి కంటే ఇది ప్రమాదం.

పైగా బ్యాకప్ కూడా అందులోనే అంటున్నారు. అప్పుడు అసలూ నకలూ కలిసే పోతాయి.

కాబట్టి మూడు విషయాలు చెప్పండి. నిజంగా ఎంత డేటా ఉంది? అందులో మళ్లీ దొరకనిది ఎంత? సర్వర్ ఒక పూట ఆగిపోతే ఎవరికైనా ఇబ్బందా?

పాతపెట్టె:
నేనైతే రెయిడ్ 5 వేస్తాను, అంటే డేటాతో పాటు పారిటీ (పోయినదాన్ని తిరిగి లెక్కకట్టే అదనపు సమాచారం) కూడా డిస్కుల మీద పరిచే పద్ధతి. లినక్స్ రెయిడ్ టూల్ ఎండీఏడీఎంతో నాలుగు డిస్కులు కలపండి, ఒకటి పోయినా డేటా ఉంటుంది. రెయిడ్ ఉంటే ఇంక టెన్షన్ ఉండదు.

జీరోవన్:
పాతపెట్టె గారూ, సైజులు సమానంగా లేనప్పుడు రెయిడ్ 5 లెక్క ఇలా తేలుతుంది. అన్నిటికంటే చిన్న డిస్కే కొలత. 2 టీబీ చొప్పున నాలుగు, అందులో ఒకటి పారిటీకి, మిగిలేది 6 టీబీ. 4 టీబీ డిస్కుల్లో చెరో సగం వృథా.

ఇలాంటి కలగాపులగం సైజులకి బీటీఆర్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్‌సిస్టమ్‌లోని రెయిడ్ 1 (రెండు కాపీలు ఉంచే పద్ధతి) బాగా నప్పుతుంది. అది డిస్కుకి డిస్కు అద్దంలా కాకుండా, ప్రతి ముక్కనీ ఏవైనా రెండు వేర్వేరు డిస్కుల మీద రాస్తుంది. అందుకని మొత్తం 13 టీబీలో సగం, అంటే 6.5 టీబీ వాడుకోవచ్చు. ప్రతి బ్లాకుకీ చెక్‌సమ్ (సరిచూసే అంకె) ఉంటుంది కాబట్టి ఒక కాపీ చెడితే స్క్రబ్ (మొత్తం చదివి సరిచూడడం) చేసినప్పుడు రెండో కాపీ నుంచి బాగుచేసుకుంటుంది. ఎండీఏడీఎంతో రెండు డిస్కుల్లో ఒకే డేటా ఉంచే మిర్రర్‌లో రెండు కాపీలు తేడాగా ఉంటే ఏది సరైనదో దానికి తెలియదు. అయితే బీటీఆర్‌ఎఫ్‌ఎస్‌లో రెయిడ్ 5, 6 మాత్రం వద్దు, వాళ్ల డాక్యుమెంటేషనే వద్దంటోంది.

జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఇంకో ఫైల్‌సిస్టమ్ కూడా గొప్పదే. కానీ అది ఒకే సైజు డిస్కులతోనే బాగా కుదురుతుంది. దాని పారిటీ పద్ధతి అయిన రెయిడ్‌జెడ్‌కి ఒక్కో డిస్కు చేర్చి పెంచే సౌకర్యం ఓపెన్‌జెడ్‌ఎఫ్‌ఎస్ 2.3తో 2025లోగానీ రాలేదు.

రాత్రిడ్యూటీ:
రెయిడ్ ఉంటే టెన్షన్ లేదన్న మాట దగ్గర నేను ఒప్పుకోలేను, పాతపెట్టె గారూ. డిస్కు చెడిపోవడం అన్న ఒక్క ప్రమాదానికే రెయిడ్ జవాబు. పొరపాటున ఫోల్డర్ డిలీట్ చేస్తే ఆ డిలీట్ అదే క్షణంలో అన్ని డిస్కుల మీదా జరుగుతుంది. ర్యాన్సమ్‌వేర్ ఎన్‌క్రిప్ట్ చేస్తే అన్ని కాపీలూ ఎన్‌క్రిప్ట్ అవుతాయి. పవర్ సప్లై కాలిపోతూ డిస్కుల్ని తీసుకుపోతే అన్నీ ఒకేసారి పోతాయి. సర్వర్ ఆగకుండా నడవడానికి రెయిడ్, పోయింది తిరిగి తెచ్చుకోవడానికి బ్యాకప్. ఒకటి ఉందని రెండోది మానెయ్యకూడదు.

వానచినుకు:
చాలా థ్యాంక్స్ అండీ, ఇంత వివరంగా చెప్తారనుకోలేదు. డీయూ కమాండుతో కొలిచి చూశాను. ఫొటోలు, వీడియోలు అన్నీ కలిపి 2.6 టీబీ. ఒక పోస్ట్‌గ్రెస్ డేటాబేస్, రెండు చిన్న వెబ్‌సైట్లు, స్కాన్ చేసిన కాగితాలు అన్నీ కలిపినా 40 జీబీ దాటవు. మళ్లీ దొరకనివి ఫొటోలు, కాగితాలు, డేటాబేస్. వీడియోల్లో చాలావరకు డౌన్‌లోడ్ చేసినవే. అవి తీసేస్తే అసలైనవి 1.3 టీబీ ఉంటాయి. సర్వర్ ఒక రోజు ఆగినా ఎవరికీ నష్టం లేదు.

రాత్రిడ్యూటీ:
ఇప్పుడు లెక్క పూర్తిగా మారింది చూడండి. మీకు కావలసింది 13 టీబీ కాదు, 3 టీబీ లోపే. ఒక 4 టీబీ డిస్కులో మొత్తం డేటా పడుతుంది, కొంత ఖాళీ కూడా ఉంటుంది. సర్వర్ ఒక రోజు ఆగినా ఫర్వాలేదంటే మీకు మిర్రర్ అవసరమే లేదు. పెద్ద డిస్కులు రెండే ఉన్నప్పుడు రెండోదాన్ని మిర్రర్ చెయ్యకండి, బ్యాకప్ చెయ్యండి. ఈ ఒక్క విషయం మీద నేను ఎవరితోనైనా వాదిస్తాను. మిర్రర్‌లో ఉండే రెండో కాపీ ఈ క్షణం నాటిది. బ్యాకప్ డిస్కులో నిన్నటిదీ, పోయిన వారానిదీ, పోయిన నెలదీ ఉంటాయి. ఇంటి సర్వర్లలో డిస్కు చెడి పోయేదాని కంటే మనిషి చేతి మీదుగా పోయేదే ఎక్కువగా చూస్తుంటాం.

ముందుగా నాలుగు డిస్కులకీ స్మార్ట్ (డిస్కు తన ఆరోగ్యాన్ని తానే నమోదు చేసుకునే సదుపాయం) పరీక్ష పెట్టండి. స్మార్ట్‌సీటీఎల్‌తో లాంగ్ టెస్ట్ మొదలుపెట్టి వదిలెయ్యండి, 4 టీబీ డిస్కుకి చాలా గంటలు పడుతుంది. అయ్యాక 5, 197, 198, 199 నంబర్ల వరసల్లో చివరి కాలమ్ విలువ ఎంతుందో ఇక్కడ రాయండి.

పాతపెట్టె:
మీరు చెప్పింది ఆలోచించాను. ఆఫీసు సర్వర్ అయితే నేను మిర్రర్‌నే వదలను, పనివేళల్లో ఆగకూడదు కదా. కానీ ఆగినా ఫర్వాలేదన్నప్పుడు మీ మాటే సరి.

బూడిదమబ్బు:
మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. నాదీ ఇలాంటి ప్రశ్నే కానీ నా దగ్గర నిజంగానే 20 టీబీ దాకా వీడియోలున్నాయి. అన్నీ ఒకే ఫోల్డర్‌లా కనిపించాలి. ఫైళ్లు ఒకసారి పెడితే మళ్లీ మార్చను. ఏం చెయ్యమంటారు?

జీరోవన్:
బూడిదమబ్బు గారూ, మీకోసమే అన్నట్టు ఒక జోడీ ఉంది. మెర్జర్‌ఎఫ్‌ఎస్, స్నాప్‌రెయిడ్.

మెర్జర్‌ఎఫ్‌ఎస్ డిస్కుల్ని ముక్కలు చేసి కలపదు. ప్రతి డిస్కూ దాని సొంత ఫైల్‌సిస్టమ్‌తో అలాగే ఉంటుంది, పైన మాత్రం అన్నిటినీ కలిపి ఒకే ఫోల్డర్‌లా చూపిస్తుంది. ఒక ఫైలు మొత్తంగా ఒకే డిస్కు మీద ఉంటుంది. ఒక డిస్కు పోతే దాని మీద ఉన్న ఫైళ్లే పోతాయి. మిగతా డిస్కుల్ని ఊడదీసి ఏ లినక్స్ మెషీన్‌కి తగిలించినా మామూలుగా చదువుకోవచ్చు. కొత్త ఫైలు ఏ డిస్కులో పడాలో చెప్పే పాలసీలున్నాయి. ఎంఎఫ్‌ఎస్ అంటే ఎక్కువ ఖాళీ ఉన్న డిస్కులో పెడుతుంది. ఈపీ అని మొదలయ్యే పాలసీలు ఆ ఫోల్డర్ ఇప్పటికే ఉన్న డిస్కుల్లోనే పెడతాయి. ఈ తేడా తెలియక, ఒక డిస్కు నిండిపోయి పక్క డిస్కు ఖాళీగా ఉన్నా స్థలం లేదన్న ఎర్రర్ చూసి కంగారుపడేవాళ్లు చాలామంది.

స్నాప్‌రెయిడ్ పారిటీ లెక్క కడుతుంది. పారిటీ డిస్కు మీ డేటా డిస్కుల్లో పెద్దదానికి సమానంగానైనా ఉండాలి. రెయిడ్ 5లా ఎప్పటికప్పుడు కాదు, మీరు సింక్ కొట్టినప్పుడే లెక్క తాజా అవుతుంది. రెండు సింక్‌ల మధ్య పెట్టిన ఫైళ్లకి రక్షణ ఉండదు. అందుకే మార్చని వీడియోలకి ఇది బాగుంటుంది, డేటాబేస్‌కి అస్సలు పనికిరాదు. సింక్‌కి ముందు, ఏం మారిందో చూపే డిఫ్ కొట్టి చూడండి. వందల ఫైళ్లు డిలీట్ అయినట్టు చూపిస్తే సింక్ ఆపి కారణం వెతకండి, ఎందుకంటే సింక్ అయ్యాక పాత స్థితికి పోలేరు.

బూడిదమబ్బు:
స్పష్టంగా అర్థమైంది. నా డిస్కుల్లో ఒకటి ఎస్‌ఎంఆర్ రకమట. ఇబ్బందా?

జీరోవన్:
ఎస్‌ఎంఆర్‌లో ట్రాకులు ఒకదాని మీద ఒకటి కొంచెం ఎక్కి ఉంటాయి, అందుకని మధ్యలో ఒక ముక్క మార్చాలంటే పక్కవాటినీ తిరిగి రాయాలి. ఆగకుండా గంటల తరబడి రాస్తే వేగం దారుణంగా పడిపోతుంది. రెయిడ్ రీబిల్డ్ (కొత్త డిస్కు మీద డేటాని తిరిగి కట్టడం) సరిగ్గా అలాంటి పనే. 2020లో ఎన్‌ఏఎస్ (నెట్‌వర్క్ స్టోరేజీ పెట్టెలు) కోసం అమ్మిన కొన్ని డ్రైవులు చెప్పకుండా ఎస్‌ఎంఆర్‌గా వచ్చాయని బయటపడ్డప్పుడు పెద్ద గొడవే జరిగింది. మీ పద్ధతిలో దాన్ని డేటా డిస్కుగా వాడుకోవచ్చు. పారిటీకి మాత్రం ట్రాకులు అలా ఎక్కి ఉండని సీఎంఆర్ డిస్కు పెట్టండి.

వానచినుకు:
పరీక్షలు అయ్యాయి. రెండు 4 టీబీ డిస్కులకీ నాలుగు వరసల్లోనూ సున్నాలే, లాంగ్ టెస్ట్ పాస్. 2 టీబీ డిస్కుకి 5, 197, 198 సున్నాలే కానీ 199లో 312 ఉంది. 3 టీబీ డిస్కుకి 5వ వరసలో సున్నా, 197లో 24, 198లో 24. లాంగ్ టెస్ట్ మధ్యలో ఆగిపోయి రీడ్ ఫెయిల్యూర్ అంది. కింద మాత్రం ఓవరాల్ హెల్త్ పాస్ అని ఉంది. ఏది నమ్మాలి?

రాత్రిడ్యూటీ:
ఓవరాల్ హెల్త్ పాస్ అన్న మాట పట్టించుకోకండి. అది డిస్కు కంపెనీ పెట్టుకున్న గీత దాటితే తప్ప ఫెయిల్ అనదు.

197 అంటే డిస్కు చదవలేక పక్కన పెట్టిన సెక్టార్లు. 5 (కొత్త చోటికి మార్చిన సెక్టార్ల లెక్క) సున్నా ఉండడం చూసి సంతోషపడకండి. వాటిని ఇంకా కొత్త చోటికి మార్చలేదు, ఎందుకంటే వాటిమీద మళ్లీ ఏదైనా రాస్తేగానీ ఆ నిర్ణయం జరగదు. 24 చోట్ల ఉన్నది ఈ క్షణంలో చదవడానికి రావట్లేదు. లాంగ్ టెస్ట్ ఆగిందీ అక్కడే. ఆ డిస్కుని డేటాకీ వాడొద్దు, బ్యాకప్‌కీ వాడొద్దు. అందులో ఏమైనా ఉంటే ఇవాళే బయటకి కాపీ చేసుకోండి, మామూలు కాపీ కమాండు డీడీ బదులు డీడీరెస్క్యూ వాడండి. అది చదవలేని చోట్లని దాటుకుంటూ ముందు మంచివన్నీ తీసేస్తుంది, ఆ తర్వాత వెనక్కి వచ్చి మిగిలినవాటి మీద ప్రయత్నిస్తుంది.

199 వేరే సంగతి. అది డిస్కుకీ బోర్డుకీ మధ్య దారిలో వచ్చిన తప్పులు. చాలాసార్లు సాటా కేబుల్ వదులై ఉంటుంది. కేబుల్ మార్చండి. 312 అన్న అంకె తగ్గదు, కానీ అక్కడే ఆగిపోతే డిస్కు మంచిదే.

మీరు మొదట అనుకున్నట్టు నాలుగూ కలిపి ఉంటే ఆ 3 టీబీ డిస్కు మీ ఫైల్‌సిస్టమ్ నడుమన ఉండేది.

వానచినుకు:
అయితే ఒక 4 టీబీ డేటాకి, ఇంకో 4 టీబీ బ్యాకప్‌కి, 2 టీబీ బయట ఎక్కడైనా పెట్టడానికి. ఇలా చెయ్యొచ్చా?

రాత్రిడ్యూటీ:
సరిగ్గా అదే. మూడు కాపీలు, రెండు రకాల మీడియా, ఒకటి వేరే చోట అన్న సూత్రాన్ని ఫొటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చాడు. మీ అమరిక దానికి దగ్గరగా వస్తుంది. 1.3 టీబీ అసలైన డేటా 2 టీబీ డిస్కులో సుఖంగా పడుతుంది. లినక్స్ డిస్క్ ఎన్‌క్రిప్షన్ అయిన లక్స్‌తో ఎన్‌క్రిప్ట్ చేసి మీకు నమ్మకమైన వాళ్లింట్లో పెట్టండి, అప్పుడప్పుడు తెచ్చి తాజా చెయ్యండి. లక్స్ హెడర్ బ్యాకప్ ఫైలు ఆ డిస్కులో కాక వేరేగా దాచుకోండి. డిస్కు మొదట్లో ఉండే ఆ కొద్ది భాగం చెడితే పాస్‌వర్డ్ తెలిసినా లోపలిది రాదు.

వీలైతే బ్యాకప్ డిస్కుని వేరే మెషీన్‌లో పెట్టి, ఆ మెషీనే సర్వర్ నుంచి డేటా లాక్కునేలా చెయ్యండి. సర్వర్‌లోకి ఎవరైనా దూరినా బ్యాకప్ మెషీన్ తాళం వాళ్ల చేతిలో ఉండదు.

టెర్మినల్‌పిచ్చుక:
బ్యాకప్‌కి, మారిన ఫైళ్లనే కాపీ చేసే ఆర్‌సింక్ చాలంటాను. లింక్-డెస్ట్ ఆప్షన్ ఇస్తే ప్రతి రోజుకీ ఒక పూర్తి ఫోల్డర్ కనిపిస్తుంది, మారని ఫైళ్లు మాత్రం నిన్నటి ఫోల్డర్‌కి హార్డ్‌లింకులే (అదే ఫైలుకి ఇంకో పేరు) కాబట్టి స్థలం తినవు. ఓనర్లు, ఏసీఎల్‌లు (అనుమతుల జాబితాలు), హార్డ్‌లింకులు అన్నీ రావాలంటే చిన్న ఏ ఆప్షన్ ఒక్కటే చాలదు, పెద్ద హెచ్, పెద్ద ఏ, పెద్ద ఎక్స్ కూడా కలపాలి. న్యూమరిక్ ఐడీస్ కూడా పెట్టండి, లేకపోతే వేరే మెషీన్‌లో ఓనర్లు తారుమారవుతారు. ప్రాక్, సిస్, డెవ్, రన్, టీఎంపీ ఫోల్డర్లు వదిలెయ్యండి.

ఇంకొకటి, చాలామందిని దెబ్బతీసేది. బ్యాకప్ డిస్కు ఏదో కారణంతో మౌంట్ కాలేదనుకోండి. మౌంట్ పాయింట్ అన్నది మామూలు ఫోల్డరే కదా, ఆర్‌సింక్ నిక్షేపంగా అందులోకే రాసేస్తుంది, అంటే మీ ఎస్‌ఎస్‌డీలోకి. అది నిండిపోయి సర్వర్ పడిపోతుంది. అందుకని స్క్రిప్టు మొదట్లోనే మౌంట్‌పాయింట్ కమాండుతో తనిఖీ పెట్టి, లేకపోతే ఆగిపొమ్మనండి. డిస్కు తగిలించని సమయంలో ఆ ఖాళీ ఫోల్డర్‌కి సీహెచ్‌ఏటీటీఆర్‌తో ఇమ్యూటబుల్ ముద్ర వేస్తే రూట్ కూడా అందులో రాయలేడు, పైన డిస్కు మాత్రం మామూలుగా మౌంట్ అవుతుంది. ఏ డిస్కు ఎక్కడ మౌంట్ కావాలో రాసే ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ఫైలులో యూయూఐడీ (ఫైల్‌సిస్టమ్ గుర్తింపు సంఖ్య)తో పాటు నోఫెయిల్ రాయండి. లేకపోతే డిస్కు ఊడిన రోజు సర్వర్ బూట్ కాకుండా ఎమర్జెన్సీ మోడ్‌లో కూర్చుంటుంది.

జీరోవన్:
ఆర్‌సింక్ మంచిదే, కానీ లింక్-డెస్ట్‌లో మారని ఫైలుకి ఎన్ని రోజుల ఫోల్డర్లున్నా డిస్కు మీద ఉండేది ఒక్క కాపీయే. అది చెడితే అన్ని రోజులదీ చెడినట్టే, చెడిందని చెప్పేవాళ్లు కూడా ఉండరు. నేను బోర్గ్ అనే బ్యాకప్ ప్రోగ్రామ్ వాడతాను. ఫైళ్లని ముక్కలు చేసి ఒకేలా ఉన్న ముక్కని ఒక్కసారే దాస్తుంది, కంప్రెస్ చేస్తుంది, ఎన్‌క్రిప్ట్ చేస్తుంది. బోర్గ్ చెక్ కొడితే చెడిన ముక్కలు తెలుస్తాయి. రెస్టిక్ కూడా ఇదే తరహా, క్లౌడ్ స్టోరేజీకి నేరుగా పంపాలంటే అదే సులువు. ఏది వాడినా పాస్‌ఫ్రేజ్‌నీ కీనీ సర్వర్‌లోనే దాచుకుని ఊరుకోకండి. కాగితం మీద రాసి పెట్టుకోండి.

రాత్రిడ్యూటీ:
డేటాబేస్ గురించి ఇంకా ఎవరూ చెప్పలేదు. నడుస్తున్న పోస్ట్‌గ్రెస్ డేటా ఫోల్డర్‌ని నేరుగా కాపీ చెయ్యకండి. కాపీ జరుగుతుండగానే ఫైళ్లు మారుతుంటాయి, వచ్చేది ఏ ఒక్క క్షణానికీ చెందని కలగలుపు. ముందు డేటాబేస్‌ని ఒక ఫైలుగా తీసే పీజీడంప్‌తో డంప్ తీసి, ఆ డంప్ ఫైలుని బ్యాకప్ చెయ్యండి. డంప్ ఫెయిలయితే స్క్రిప్టు అక్కడే ఆగి మీకు కబురు రావాలి.

ఆ కబురు ఎంత ముఖ్యమో గిట్‌ల్యాబ్ (ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే వెబ్‌సైట్) ఉదంతం చెబుతుంది. 2017 జనవరి 31న వాళ్ల ఇంజనీరు ఒకరు రెండో డేటాబేస్ సర్వర్‌లో చెరపాల్సిన ఫోల్డర్‌ని అసలు సర్వర్‌లో చెరిపేశారు. ఆపేసరికి 300 జీబీలో 4.5 జీబీయే మిగిలింది. బ్యాకప్‌ల కోసం వెళ్లి చూస్తే పీజీడంప్ ఫైళ్లు లేవు. డేటాబేస్ 9.6 వెర్షన్, డంప్ తీస్తున్న ప్రోగ్రామ్ 9.2 వెర్షన్, అందుకని అది ప్రతిసారీ ఎర్రర్‌తో ఆగిపోతూ వచ్చింది. ఆ ఎర్రర్ మెయిళ్లు, పంపినవాళ్లు అసలువాళ్లో కాదో చూసే డీమార్క్ తనిఖీలో తిరస్కరించబడి ఎవరికీ చేరలేదు. చివరికి వాళ్లని ఆదుకున్నది, అదృష్టవశాత్తు దాదాపు ఆరు గంటల ముందు చేత్తో తీసి ఉంచిన ఒక ఎల్‌వీఎం స్నాప్‌షాట్ (ఆ క్షణపు నకలు). ఇదంతా వాళ్లే దాచకుండా బయటపెట్టారు, అందుకు మెచ్చుకోవాలి.

అందుకే ఫెయిలయితే మెయిల్ పంపడం ఒక్కటే చాలదు. బ్యాకప్ డిస్కులో అన్నిటికంటే కొత్త ఫైలు వయసు ఎంతో వేరే మెషీన్ చూసి, రోజున్నర దాటితే మిమ్మల్ని పిలవాలి.

పాతపెట్టె:
పనుల్ని వేళకి నడిపే క్రాన్ బదులు సిస్టమ్‌డీ టైమర్ పెట్టి పర్సిస్టెంట్ ఆన్ చెయ్యండి. రాత్రి కరెంటు లేక మెషీన్ ఆగి ఉంటే, మళ్లీ బూట్ అవగానే తప్పిన బ్యాకప్ మొదలవుతుంది.

వానచినుకు:
అంతా అమర్చాను. ఒక 4 టీబీ మీద డేటా, పాత ల్యాప్‌టాప్‌కి యూఎస్‌బీ డాక్‌లో రెండో 4 టీబీ, బోర్గ్. మొదటి బ్యాకప్‌కి రాత్రంతా పట్టింది, ఆ తర్వాతివి నిమిషాల్లో అవుతున్నాయి. ల్యాప్‌టాప్ మీద వేరే పోస్ట్‌గ్రెస్ పెట్టి డంప్‌ని రీస్టోర్ చేసి చూశాను. టేబుళ్లన్నీ వచ్చాయి, వరసల లెక్క సరిపోయింది. కానీ రీస్టోర్‌లో రోల్ లేదంటూ కొన్ని ఎర్రర్లు వచ్చాయి.

రాత్రిడ్యూటీ:
పీజీడంప్ ఒక డేటాబేస్‌ని మాత్రమే తీస్తుంది. యూజర్లు, రోల్స్ మొత్తం సర్వర్‌కి చెందినవి, అందులో రావు. పీజీడంప్‌ఆల్‌కి గ్లోబల్స్-ఓన్లీ ఆప్షన్ ఇచ్చి ఆ చిన్న ఫైలు కూడా రోజూ తీయించండి. రీస్టోర్‌లో ముందు అది, తర్వాత డేటాబేస్. ఇలాంటివి ఎప్పుడో సర్వర్ పోయిన రోజున కాకుండా ఇప్పుడే బయటపడ్డాయంటే మీరు రీస్టోర్ చేసి చూడబట్టే. సెట్టింగులుండే ఈటీసీ ఫోల్డర్, ఇన్‌స్టాల్ అయిన ప్యాకేజీల జాబితా కూడా చేర్చారా?

వానచినుకు:
ఈటీసీ ఉంది, ప్యాకేజీల జాబితా ఇప్పుడు చేరుస్తాను. కేబుల్ మార్చాక 199 అంకె 312 దగ్గరే ఆగింది. చివరగా ఒక్కటి. ఆ 3 టీబీ డిస్కులో పాత కాగితాల స్కాన్లున్నాయి. పారేసే ముందు ఏం చెయ్యాలి?

జీరోవన్:
ష్రెడ్‌తో గానీ ఎన్‌వైప్‌తో గానీ డిస్కు మొత్తం మీద ఒకసారి రాయించండి, ఒక్క పాస్ చాలు. రాస్తున్నప్పుడు ఆ 24 సెక్టార్లలో కొన్నిటిని డిస్కు కొత్త చోటికి మార్చి 197ని సున్నా చేయవచ్చు. అది చూసి మళ్లీ వాడుకుందామని అనుకోకండి. కొత్త చోటికి మార్చిన పాత సెక్టార్ల మీద మీ రాత పడదు, అక్కడ పాత డేటా తుంపులు మిగిలే అవకాశముంది. హెచ్‌డీపార్మ్‌తో సెక్యూర్ ఎరేజ్ ఇవ్వగలిగితే ఎన్‌హాన్స్‌డ్ రకం ఇవ్వండి, అది వాటినీ తుడవాలి. మధ్యలో రైట్ ఎర్రర్లు వచ్చి ఆగిపోతే మూత విప్పి ప్లాటర్లు (డేటా ఉండే లోపలి పళ్లేలు) పాడుచెయ్యడమే మేలు. గాజు ప్లాటర్లయితే పగిలి చిమ్ముతాయి, కళ్లద్దాలు పెట్టుకోండి.